మితవ్యాయామం – దీర్ఘాయువు: చరిత్ర చెప్పే పాఠం

క్రీ.శ. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తన వృత్తాంతంలో శ్రీకృష్ణదేవరాయల ప్రాతఃకాల దినచర్యను వివరంగా వర్ణించాడు. రాయలు తెల్లవారకముందే లేచి నువ్వులనూనె తాగి, ఆ నూనెనే ఒళ్లంతా పట్టించుకొని, నడుముకు చిన్న వస్త్రం చుట్టుకొని, మట్టితో చేసిన పెద్దపెద్ద బరువులను చేతులతో ఎత్తేవాడట. పిమ్మట కత్తిసాము చేసేవాడు. ఒంటికి పట్టించిన నూనె అంతా చెమటతోపాటు వెలికివచ్చేదాకా ఆ సాధన సాగేది. తరువాత తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టి, ఆపైన గుర్రమెక్కి మైదానంలో ఆ కొసనుండి ఈ కొసకు స్వారీ చేసి, సూర్యోదయానికి ఇదంతా ముగించేవాడని పేస్ వ్రాశాడు. మహానవమి ఉత్సవాలలో మల్లయుద్ధాలు జరగడాన్ని కూడా అతడు కన్నులారా చూసి వర్ణించాడు.

తెలుగువారు వ్యాయామాన్ని గూర్చి తలచుకొన్నప్పుడల్లా ఇటువంటి చిత్రాలే ముందుగా స్ఫురిస్తాయి. రాజులు, మల్లులు, గోదాలు, బరువులు, కత్తులు. కాని సైన్యాన్ని స్వయంగా నడిపించవలసిన రాజుకు అవసరమైన సాధన వేరు, నూరేళ్లు చల్లగా బ్రతకాలని కోరుకొనే సామాన్య గృహస్థుకు అవసరమైన వ్యాయామం వేరు. ఈ రెండింటికీ గల భేదాన్ని గుర్తించి, రెండవదానికి ఒక కొలత ఏర్పరచడానికి మానవజాతికి చాలాకాలం పట్టింది. ఆ కొలతను కనుగొన్న చరిత్ర ఆసక్తికరమైనదే గాక, నేటి బాలబాలికలకు ఎంతో అవసరమైనది కూడా.

సగం బలమే కొలత

ఆశ్చర్యమేమంటే, ఆ కొలతను మొట్టమొదట స్పష్టంగా చెప్పినవారిలో మన ప్రాచీన వైద్యులు ఉన్నారు. చరకసంహిత సూత్రస్థానంలో వ్యాయామానికి ఒక నిర్వచనం కనబడుతుంది. శరీరానికి స్థిరత్వాన్ని, బలాన్ని కలిగించే, మనసుకు ఇష్టమైన శరీరచేష్టయే వ్యాయామమని, దానిని తగిన మోతాదులో ఆచరించాలని ఆ గ్రంథం చెబుతున్నది. ఇందులో గమనించదగిన మాటలు రెండు. ఒకటి ‘ఇష్టమైన’ అన్నది, రెండవది ‘మోతాదు’ అన్నది. ఔషధానికి మోతాదు ఉన్నట్లే వ్యాయామానికీ మోతాదు ఉన్నదని చరకుని భావం. శరీరం తేలికపడడం, పని చేయగల సామర్థ్యం, కష్టాన్ని ఓర్చుకొనే శక్తి, జఠరాగ్ని వృద్ధి అనేవి వ్యాయామ ఫలాలని చెప్పి ఊరుకోక, మోతాదు మించితే అలసట, దగ్గు, జ్వరం, వాంతి మొదలైన అనర్థాలు కలుగుతాయని కూడా ఆయన హెచ్చరించాడు. ఏనుగును ఈడ్వబోయి నశించే సింహంతో అతివ్యాయామపరుని పోల్చడం ఆయుర్వేద గ్రంథాలలో ప్రసిద్ధమైన ఉపమానం.

మోతాదు ఎంత అన్న ప్రశ్నకు సుశ్రుతసంహిత ఇచ్చిన సమాధానం మరింత నిర్దిష్టమైనది. తన మేలు కోరుకొనే మనిషి అన్ని ఋతువులలోను, ప్రతిదినమూ వ్యాయామం చేయాలి. అయితే తన బలంలో సగం మాత్రమే వినియోగించాలి. సగం బలం అయిందని తెలుసుకోవడం ఎట్లా? వ్యాయామం చేస్తున్నవానికి హృదయస్థానంలోని వాయువు నోటిదాకా వచ్చినప్పుడు, అనగా నోటితో ఊపిరి తీయవలసిన స్థితి ఏర్పడినప్పుడు, అదే సగం బలానికి గుర్తు అని సుశ్రుతుడు చెప్పాడు. అంతేకాదు, వయసు, బలం, శరీరస్థితి, దేశకాలాలు, ఆహారం అన్నింటినీ ఆలోచించుకొని వ్యాయామం చేయాలన్నాడు. తరువాతి కాలపు వాగ్భటుడు ఈ సగం బలం కూడా చలికాలంలోను వసంతంలోను మాత్రమేనని, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించుకోవాలని సవరణ చేశాడు.

నేటి వైద్యులు మధ్యరకం శ్రమను గుర్తించడానికి ఒక సులువైన పరీక్ష చెబుతారు. నడుస్తున్నప్పుడు పక్కవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేనంత ఊపిరి కావాలి. అదే మితమైన శ్రమకు హద్దు. గడియారం గాని, నాడిని కొలిచే యంత్రం గాని లేని రోజులలో, కేవలం ఊపిరినే కొలబద్దగా చేసుకొన్న సుశ్రుతుని గుర్తుకు, ఈ పరీక్షకు ఉన్న పోలిక విస్మయం గొలుపుతుంది.

ఇతర దేశాల వైద్యుల మాట

ఇది ఒక్క భారతదేశపు ఆలోచన మాత్రమే కాదు. చైనాలో క్రీ.శ. 2, 3 శతాబ్దాల సంధికాలంలో ప్రసిద్ధుడైన హువా తువో అనే వైద్యుడు పులి, లేడి, ఎలుగుబంటి, కోతి, పక్షి అనే 5 ప్రాణుల కదలికలను అనుసరించే ఒక వ్యాయామపద్ధతిని తన శిష్యుడు వూ ఫూకు ఉపదేశించినట్లు ఆ దేశపు చరిత్రగ్రంథం చెబుతున్నది. శరీరాన్ని కదిలించాలి, కాని అలసిపోయేంతగా కాదు అన్నదే ఆ గురువు బోధ. నిత్యం తెరుస్తూ మూస్తూ ఉండే తలుపు కీలు పుచ్చిపోదన్నది ఆయన చూపిన దృష్టాంతం. ఆ శిష్యుడు 90 ఏళ్లు దాటినా చూపు, వినికిడి, పళ్లు చెడకుండా జీవించినట్లు ఆ గ్రంథమే పేర్కొన్నది.

రోమన్ సామ్రాజ్యంలో 2వ శతాబ్దపు వైద్యుడు గాలెన్ తొలిదినాలలో ఖడ్గమల్లులకు చికిత్స చేసినవాడు. అతిసాధన చేసిన దేహాలు ఎట్లా చెడిపోతాయో ప్రత్యక్షంగా ఎరిగినవాడు. ఆయన చిన్నబంతి ఆటను గురించి ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే వ్రాశాడు. ఖర్చు లేనిది, బీదవారు సైతం ఆడుకోగలిగినది, అన్ని అవయవాలను కదిలించేది, మనసుకు ఉల్లాసం కలిగించేది కనుక అది శ్రేష్ఠమని ఆయన అభిప్రాయం. జపానులో కైబరా ఎక్కెన్ అనే పండితుడు 1713లో ఆరోగ్యరక్షణ గురించి గ్రంథం వ్రాసేనాటికి 80 ఏళ్లు దాటినవాడు. భోజనమైన తరువాత కొన్ని వందల అడుగులు నడవమని, ఒకేచోట చాలాసేపు కూర్చోవద్దని ఆయన చెప్పాడు. ఇటలీకి చెందిన రామజ్జీని 1700లో వృత్తులవలన కలిగే వ్యాధులపై గ్రంథం వెలువరిస్తూ, కూర్చుని పనిచేసే దర్జీలు, చెప్పులు కుట్టేవారు మొదలైనవారికి కలిగే బాధలను వర్ణించి, కనీసం సెలవుదినాలలోనైనా వారు శరీరశ్రమ చేయాలని హితవు పలికాడు.

ఇంతమంది చెప్పినా ఈ హితవు గ్రంథాలలోనే ఎక్కువగా నిలిచిపోవడానికి కారణం ఉన్నది. ఆనాటి జనంలో అత్యధికులు దుక్కి దున్నేవారు, బరువులు మోసేవారు, కాలినడకన ప్రయాణం చేసేవారు. ఇంటి ఇల్లాలు తిరగలి విసిరి, రోకలి పోటు వేసి, బావినుండి నీళ్లు తోడి, బిందెలు మోసేది. వారి సమస్య శ్రమ లేకపోవడం కాదు, శ్రమకు తగిన తిండి, విశ్రాంతి లేకపోవడం. వ్యాయామం అనే మాట వారి నిఘంటువులో లేదు, ఉండనక్కరలేదు కూడా.

తాలింఖానాలు, డ్రిల్లు మాస్టర్లు

అయినా తెలుగుదేశంలోను, తెలుగువారు స్థిరపడిన ఇతర ప్రాంతాలలోను శరీరసాధనకు ప్రత్యేక స్థలాలు ఉండేవి. తాలింఖానాలని, గరిడీలని పిలువబడిన ఆ సాధనశాలలలో దండాలు, బస్కీలు, కర్రసాము, కుస్తీ నేర్పేవారు. పల్లెలలో సంగిడిరాళ్లు ఎత్తడం పందెంగా సాగేది. పిల్లలకు చెడుగుడు, బిళ్లంగోడు వంటి ఆటలు ఉండనే ఉన్నాయి. ఈ సంప్రదాయంనుండి పుట్టి ప్రపంచఖ్యాతి గాంచినవారు కోడి రామమూర్తి నాయుడుగారు.

ఆయన 1880 దశకపు తొలి సంవత్సరాలలో నేటి ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో జన్మించారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరంలో పాఠశాల వ్యాయామోపాధ్యాయులుగా పనిచేశారు. తరువాత సర్కస్ నెలకొల్పి, ఉక్కు గొలుసులు తెంచడం, రొమ్ముపై ఏనుగును నిలుపుకోవడం, కదులుతున్న మోటారుకార్లను పట్టి ఆపడం వంటి ప్రదర్శనలతో దేశవిదేశాలలో కీర్తి గడించారు. కలియుగ భీముడన్న పేరు ఆయనకు స్థిరపడింది. ఆయన జీవితపు చివరి రోజులు ఒరిస్సాలోని బలాంగీర్‌లో గడిచాయి. అక్కడే 1942 జనవరిలో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 60 ఏళ్ల ప్రాంతం మాత్రమే.

భీమబలం అద్భుతమైనదే. దాస్యంలో ఉన్న జాతికి అది ఆత్మగౌరవాన్ని ఇచ్చింది. వేలాది యువకులను సాధనశాలల వైపు నడిపించింది. కాని భీమబలమూ, దీర్ఘాయువూ ఒకటే కావు. ప్రేక్షకులు ఆశ్చర్యపడేంత బలం కొద్దిమందికే సాధ్యం. ఆరోగ్యం నిలిచేంత వ్యాయామం అందరికీ సాధ్యం. రామమూర్తిగారి జీవితంలో ప్రదర్శనలకంటె తక్కువగా చెప్పుకొనే భాగం ఒకటున్నది. అది ఆయన పాఠశాలలో పిల్లలకు వ్యాయామం నేర్పిన కాలం. మితవ్యాయామ చరిత్రలో నిజానికి ఆ భాగానికే స్థానం ఎక్కువ.

ఆ పాఠశాల సంప్రదాయం క్రమంగా బలపడింది. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో స్థాపించిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల దక్షిణాది పాఠశాలలకు శిక్షణ పొందిన ఉపాధ్యాయులను తరతరాలుగా అందించింది. మహారాష్ట్రంలోని అమరావతిలో 1914లోనే హనుమాన్ వ్యాయామశాల వెలసింది. అదే మహారాష్ట్రంలోని ఔంధ్ సంస్థానాధిపతి భవాన్‌రావ్ పంత్ ప్రతినిధి 1920 దశకంలో సూర్యనమస్కారాలను పాఠశాల పిల్లలందరికీ నేర్పించే ఉద్యమం చేపట్టారు. మైసూరులో నాల్గవ కృష్ణరాజ ఒడెయరు ఆదరణలో తిరుమలై కృష్ణమాచార్యులవారు 1933నుండి జగన్మోహన ప్రాసాదంలో యోగశాల నడిపారు. 1888లో జన్మించిన ఆయన తరువాత మద్రాసులో స్థిరపడి, 1989లో నూరేళ్లు నిండిన తరువాతనే దేహం చాలించారు. ఆయన శిష్యులైన బి.కె.ఎస్. అయ్యంగారు కోలారు జిల్లా బెళ్లూరులో 1918లో పుట్టి, బాల్యంలో మలేరియా, క్షయ, టైఫాయిడ్ వంటి వ్యాధులతో కృశించినవారు. 1937లో పూనా చేరి, నిత్యసాధనతో ఆ బలహీన దేహాన్నే నిలబెట్టుకొని, 2014లో 95 ఏళ్ల వయస్సులో మరణించారు.

తెలుగు మూలాలుగల కన్నడదేశపు మహనీయులు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరు ఇక్కడ తలచుకోకుండా ఉండరాదు. మోక్షగుండమన్న ఇంటిపేరే వారి పూర్వుల ఊరిని తెలుపుతున్నది. ఆ ఊరు నేటి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నది. 1960లో ఆయన జీవించి ఉండగానే శతజయంతి జరిగి, తపాలాబిళ్ల వెలువడింది. 1962 ఏప్రిల్‌లో ఆయన పరమపదించారు. వేళ తప్పని దినచర్య, మితాహారం, నిత్యం నడక ఆయన జీవితంలో విడదీయరాని అంగాలు. ఆయన ఏ మల్లయోధుడూ కాదు, ఏ రికార్డూ సాధించలేదు. రోజూ చేసిన కొద్దిపాటి పనిని విడువకుండా చేశారు, అంతే.

అయితే ఒక వ్యక్తి జీవితాన్ని చూసి శాస్త్రనిర్ణయం చేయడం కుదరదు. నూరేళ్లు బ్రతికినవారిలో నడవనివారూ ఉండవచ్చు, నడిచినవారిలో అల్పాయుష్కులూ ఉండవచ్చు. వంశపారంపర్యం, ఆహారం, అదృష్టం అన్నీ కలిసే మనిషి ఆయుర్దాయాన్ని నిర్ణయిస్తాయి. వ్యాయామానికి అందులో నిజమైన వాటా ఎంత? ఈ ప్రశ్నకు సమాధానం లండను నగరపు బస్సులలో దొరికింది.

రెండంతస్తుల బస్సు చెప్పిన రహస్యం

రెండవ ప్రపంచయుద్ధానంతరం ఇంగ్లండులో గుండెపోటు మరణాలు పెరుగుతూ వచ్చాయి. కారణం అంతుపట్టలేదు. జెరమి మారిస్ అనే వైద్యుడు 1949లో ప్రారంభించిన పరిశోధనలో లండను రవాణాసంస్థలో పనిచేసే 35నుండి 64 ఏళ్ల వయస్సుగల సుమారు 31,000 మంది పురుషుల ఆరోగ్యాన్ని పరిశీలించాడు. అక్కడి బస్సులు రెండంతస్తులవి. డ్రైవరు పని గంటలన్నీ కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్లు ఇవ్వడానికి రోజుకు 500నుండి 750 మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరూ ఒకే వర్గానికి చెందినవారు, ఒకే బస్సులో పనిచేసేవారు, ఇంచుమించు ఒకే జీతం తీసుకొనేవారు. 1953లో లాన్సెట్ పత్రికలో ప్రకటితమైన ఫలితాలను చూచి వైద్యలోకం నివ్వెరపోయింది. సంవత్సరానికి వెయ్యిమంది కండక్టర్లలో 1.9 మందికి హృద్రోగం రాగా, వెయ్యిమంది డ్రైవర్లలో 2.7 మందికి వచ్చింది. కండక్టర్లకు వ్యాధి వచ్చినా అది ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వచ్చింది. తపాలాశాఖలో నడిచి ఉత్తరాలు పంచే పోస్టుమన్లకు, కూర్చుని పనిచేసే గుమాస్తాలకు మధ్య కూడా ఇటువంటి భేదమే కనిపించింది.

డ్రైవర్లుగా చేరేవారే మొదటినుండి లావుపాటివారేమో అన్న శంక అప్పుడే పుట్టింది. దానిని దాచిపెట్టక మారిస్ స్వయంగా పరీక్షకు పెట్టాడు. సంస్థ కుట్టించి ఇచ్చిన ఏకరూప దుస్తుల కొలతలు తెప్పించి చూస్తే, డ్రైవర్ల నడుము కొలత పెద్దదేనని తేలింది. అయినా సన్ననివారు, లావైనవారు అని విడదీసి లెక్కించినా కండక్టర్లకే మేలు కనిపించింది. శంకను గౌరవించి, దానికి లెక్కతో సమాధానం చెప్పడమే శాస్త్రం. ఈ కథలో మరొక ఘట్టం కూడా చెప్పదగినది. 1910లో జన్మించిన మారిస్ తాను కనుగొన్నదానిని తానే ఆచరించి, వృద్ధాప్యంలోను ఈత, నడక విడువక, 2009లో 99 ఏళ్ల వయస్సులో మరణించాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. కండక్టరు ఏ గోదాలోనూ దిగలేదు, ఏ బరువూ ఎత్తలేదు. అతనికి తాను వ్యాయామం చేస్తున్నానన్న స్పృహే లేదు. నిత్యం కాస్త కాస్తగా మెట్లు ఎక్కడమే అతని గుండెను కాపాడింది.

తరువాత అమెరికాలో రాల్ఫ్ పాఫెన్‌బార్గర్ హార్వర్డు విశ్వవిద్యాలయంలో చదివిన 16,936 మంది పురుషులను ఏళ్లతరబడి గమనించి 1986లో ఫలితాలు ప్రకటించాడు. నడక, మెట్లెక్కడం, ఆటలు అన్నీ కలిపి వారానికి 2,000 క్యాలరీలకు పైగా వ్యయం చేసినవారిలో మరణాలు, అంతకంటె తక్కువ శ్రమ చేసినవారికంటె నాలుగోవంతునుండి మూడోవంతు దాకా తక్కువ. ఆయుర్దాయంలో కలిగిన లాభం సుమారు ఒకటి రెండేళ్లు. 1989లో స్టీవెన్ బ్లేర్ బృందం 13,344 మంది స్త్రీపురుషుల శరీరదార్ఢ్యాన్ని నడకయంత్రంపై కొలిచి చూసినప్పుడు మరింత ముఖ్యమైన సత్యం వెల్లడైంది. అన్నింటికంటె పెద్ద లాభం మల్లునికి కాదు. ఏమీ చేయని స్థితినుండి కొద్దిగా కదిలే స్థితికి వచ్చినవానికే. తైవానులో 4 లక్షల మందికి పైగా ప్రజలను గమనించి 2011లో ప్రకటించిన పరిశోధన దీనిని ధ్రువపరచింది. రోజుకు 15 నిమిషాల మితవ్యాయామం చేసినవారిలో మరణాలు 14 శాతం తక్కువగా, ఆయుర్దాయం సుమారు 3 ఏళ్లు ఎక్కువగా ఉన్నట్లు తేలింది.

మొదటి మెట్టు ఎక్కినప్పుడే ఎక్కువ ఫలం. పైమెట్లకు పోయేకొద్దీ ఫలం పెరుగుతుంది గాని, మొదటంత వేగంగా కాదు. సగం బలమన్న ప్రాచీన సూత్రానికి ఆధునిక గణాంకాలు ఇంతకంటె చక్కని వ్యాఖ్యానం వ్రాయలేవు.

రోజుకు 10,000 అడుగులు నడవాలన్న మాట నేడు ఎల్లెడలా వినిపిస్తుంది. దాని పుట్టుక కూడా తెలుసుకోదగినది. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడల తరువాత 1965లో జపానులో అడుగులు లెక్కించే ఒక చిన్న యంత్రం అమ్మకానికి వచ్చింది. పదివేల అడుగుల కొలమానమన్నది దాని పేరు. పేరునుండి ఆ సంఖ్య ప్రపంచమంతా వ్యాపించింది గాని, శాస్త్రపరిశోధననుండి కాదు. సగటున 72 ఏళ్ల వయస్సుగల 16,741 మంది స్త్రీలను పరిశీలించిన ఒక అమెరికా పరిశోధన 2019లో వెలువడింది. రోజుకు 2,700 అడుగులు వేసినవారికంటె 4,400 అడుగులు వేసినవారిలోనే మరణాలు గణనీయంగా తగ్గాయి. సుమారు 7,500 అడుగుల తరువాత అదనపు లాభం కనిపించలేదు. పదివేలు నడవలేమని నిరుత్సాహపడి కూర్చుండిపోయే వృద్ధులకు ఇంతకంటె ఊరటనిచ్చే వార్త ఉండదు.

దేహంలో జరిగేదేమి?

నడిచేటప్పుడు కాలి కండరాలు రక్తంలోని చక్కెరను ఇంధనంగా లాగుకొంటాయి. అందువల్ల మధుమేహం ఉన్నవారికి నడక సగం మందు వంటిది. పిక్కల కండరాలు ముడుచుకొన్నప్పుడల్లా రక్తం పైకి గుండెవైపు నెట్టబడుతుంది. నిత్యం కొద్దిగా శ్రమించే గుండె ఒక్కొక్క దెబ్బకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది కనుక, విశ్రాంతి వేళలో తక్కువసార్లు కొట్టుకొంటుంది. రక్తనాళాలు మెత్తబడి రక్తపుపోటు కొంత తగ్గుతుంది. బరువు మోసే ఎముక గట్టిపడుతుంది. వయసుతోపాటు కరిగిపోయే కండ నిలుస్తుంది. ముసలితనంలో జారిపడి తుంటి ఎముక విరగడం ఎన్ని ఇండ్లలో మంచం పట్టడానికి మొదలయిందో అందరికీ తెలిసినదే. కండబలం, శరీరపు తూకం నిలుపుకొన్నవారు పడే అవకాశం తక్కువ, పడినా తేరుకొనే అవకాశం ఎక్కువ. ఈ ఫలాలు ఏవీ నిలవ ఉండేవి కావు. ఒక నెల చేసి మరొక నెల మానివేస్తే వచ్చినది చాలావరకు పోతుంది. కనుకనే ప్రాచీనులు ‘నిత్యం’ అన్న మాటను అంత నొక్కి చెప్పారు.

మారిన బ్రతుకులు

వలసవచ్చి స్థిరపడిన తెలుగువారి పూర్వతరాలది ప్రధానంగా కాయకష్టం. షోలాపూరుకు వచ్చిన చేనేతవారు మగ్గంపై చేతులూ కాళ్లూ ఆడించినవారే. కోలారు బంగారుగనులలో తెలుగు, తమిళ కార్మికులు భూగర్భంలో శ్రమించారు. 2001లో ఆ గనులు మూతపడ్డాయి. 1936 దాకా మద్రాసు రాజధానిలో భాగమైన గంజాం సీమలో తెలుగు రైతులు, వర్తకులు ఎండనక వాననక తిరిగారు. శరీరసాధన సంప్రదాయం కూడా ఆ సీమలో ఇంకిపోలేదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో బరువులెత్తే పోటీలో స్వర్ణపతకం గెలిచిన కాటులు రవికుమార్ బరంపురం బిడ్డయే.

ఆ శ్రామికుల మనుమలు, మునిమనుమలు చదువుకొని బల్లల ముందు కూర్చునే ఉద్యోగాలకు చేరారు. ఇది గర్వించదగిన ప్రగతి. తాతలు కోరుకొన్నది కూడా ఇదే. కాని తిండి అలవాట్లు తాతలవే మిగిలి, శ్రమ మాత్రం పోయింది. కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయన్న సామెత ధనం గురించి పుట్టినది. నేడది దేహానికీ సరిగా వర్తిస్తుంది. తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండ్, చండీగఢ్ ప్రాంతాలలో 14,227 మందిని పరిశీలించి భారత వైద్య పరిశోధన మండలి తరఫున 2014లో వెలువడిన నివేదిక ప్రకారం, 54.4 శాతం మంది తగినంత శరీరశ్రమ లేనివారు. పట్టణాలలో ఇది 65 శాతం, గ్రామాలలో 50 శాతం. విరామవేళలో ఆటగాగాని వ్యాయామంగాగాని శరీరాన్ని కదిలించేవారు పదిశాతానికి లోపే. పురుషులకంటె స్త్రీలలో శ్రమలేమి ఎక్కువ.

చివరి మాటను రెండుసార్లు చదువుకోవాలి. తిరగలి, రోలు, బావి పోయాయి. వాటి కష్టం పోవడం మంచిదే. కాని వాటికి బదులుగా స్త్రీకి మైదానం దక్కలేదు. చాలా కుటుంబాలలో ఆడపిల్ల పదమూడో ఏట ఆట మానుతుంది, మళ్లీ నడక మొదలుపెట్టేది యాభైయ్యో ఏట వైద్యుడు చెప్పినప్పుడే. మధ్యలో పోయిన ఆ 37 ఏళ్లే తరువాతి జీవితపు ఎముకలను, కీళ్లను, గుండెను నిర్ణయిస్తాయి.

ఎంత, ఎట్లా?

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూచనల ప్రకారం పెద్దవారు వారానికి 150నుండి 300 నిమిషాల మధ్యరకం శ్రమ, లేదా 75నుండి 150 నిమిషాల తీవ్రశ్రమ చేయాలి. వారానికి రెండు రోజులైనా కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం అవసరం. 65 ఏళ్లు దాటినవారు వారానికి మూడు రోజులైనా తూకం నిలిపే అభ్యాసాలు చేయాలి. 5నుండి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాల ఆట కావాలి. ఒక్కసారిగా కనీసం 10 నిమిషాలైనా సాగాలన్న పాత నియమాన్ని కూడా ఆ సంస్థ తొలగించింది. మెట్లెక్కిన రెండు నిమిషాలూ లెక్కలోనివే.

వారానికి 150 నిమిషాలంటే అయిదు రోజులు అరగంట చొప్పున చురుకైన నడక. దీనికి ధనం అక్కరలేదు, పరికరాలు అక్కరలేదు. భోజనం చేసిన వెంటనే గాని, జ్వరంతో గాని చేయరాదన్న పూర్వుల నియమాలు నేటికీ ఆచరణీయాలే. గుండెజబ్బు, మధుమేహం, కీళ్లనొప్పులు ఉన్నవారు, చాలాకాలంగా కదలిక లేనివారు వైద్యుని సలహాతో నెమ్మదిగా ఆరంభించాలి. రొమ్ములో నొప్పి గాని, తల తిరగడం గాని కలిగితే వెంటనే ఆపి వైద్యుని చూడాలి. చేతనైనంతలో మొదలుపెట్టడం, రోజూ చేయడం, అతిగా చేయకపోవడం అనే మూడే సూత్రాలు.

పాఠశాల మైదానం

ఈ చరిత్ర అంతా చివరకు చేరేది పాఠశాల మైదానానికే. ప్రపంచంలో 11నుండి 17 ఏళ్ల బాలబాలికలలో 81 శాతం మందికి తగినంత శరీరశ్రమ లేదని 2019లో వెలువడిన ప్రపంచ ఆరోగ్యసంస్థ పరిశోధన తెలిపింది. పరీక్షలు దగ్గరపడగానే మొట్టమొదట రద్దయ్యేది డ్రిల్లు పీరియడే. కొత్త తరగతిగదులు అవసరమైనప్పుడు మొదట కుంచించుకుపోయేది ఆటస్థలమే. ఒకనాడు గంట మ్రోగగానే పరుగెత్తుకొచ్చిన పిల్లలను వరుసలలో నిలబెట్టి చేతులు చాపించిన డ్రిల్లు మాస్టారు పిల్లలకు నేర్పినది కేవలం కవాతు కాదు. ఎనభై ఏళ్లదాకా తోడువచ్చే ఒక అలవాటు. లెక్కల సూత్రాలు మరచినవారు సైతం ఆ అలవాటు మరవలేదు.

75 ఏళ్లు నిండిన విద్యాసంస్థకు దీర్ఘాయువు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. పాఠశాల అయినా, మనిషి అయినా ఒక్కనాటి గొప్ప ప్రయత్నంతో నిలవదు. ప్రతిదినమూ జరిగే చిన్న పనులతో నిలుస్తుంది. ప్రతి ఉదయం గంట మ్రోగినట్లే ప్రతిదినం మైదానం తెరుచుకోవాలి. బాలురతోపాటు బాలికలకూ అందులో సమానమైన చోటు ఉండాలి. పాఠాలు ముగిసిన సాయంవేళ ఆ మైదానపు చుట్టూ పూర్వవిద్యార్థులు, ఆ వీధి వృద్ధులు నాలుగడుగులు నడవగలిగితే, ఒక తరం విద్యాదానమే గాక నాలుగు తరాల ఆయురారోగ్యాలు కూడా ఆ ప్రాంగణంనుండే లభిస్తాయి. కావలసినది భీమబలం కాదు. ఉన్న బలంలో సగం, అదీ ప్రతిదినం.